ఎడమ బటన్

సోమవారం వచ్చిందంటే మా ఫ్యాక్టరీ నడిపే చిన్నసారు గేటు లోపల నిలబడి ఆ దేశం గురించి చెబుతాడు. ఏడాదికి రెండుసార్లు వెళ్ళొస్తాడు అక్కడికి. వచ్చాక ఆర్నెల్లు అదే పాట. అక్కడ రోడ్డు మీద పడుకుని లేస్తే చొక్కాకి మట్టి అంటదట. కుళాయి నీళ్ళు దోసిలి పట్టి తాగేయొచ్చట. కరెంటు పోవడమంటే ఏమిటో అక్కడి పిల్లలకి తెలియదట. ఇవన్నీ చెప్పి, చివర్న మా వైపు చెయ్యి చూపిస్తాడు.

"ఎందుకలా ఉంది ఆ దేశం? వాళ్ళు పని చేస్తారు. మీకు రెట్టింపు చేస్తారు. మీరు అక్కడివాళ్ళలా పనిచేసిన రోజున మనమూ అలాగే ఉంటాం."

"రోడ్డు మీద పడుకోవడం ఎందుకమ్మా, అక్కడ మంచాలు లేవా?" అని వెనక వరసలోంచి మా వదిన గొణుగుతుంది. ఆడవాళ్ళు నవ్వు బయటపడకుండా నోటికి చేతులు అడ్డం పెట్టుకుంటారు. చిన్నసారు నీతిబోధ అయిపోయాక అందరం లోపలికి పోయి, చెవులు చిల్లులు పడే మోతలో రోజంతా పడి ఉంటాం.

నేనక్కడ ఫిట్టర్ని. డిప్లొమా చదివాను. మా ఊళ్ళో ఆ చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఇంజన్ ఆగినా, ఫ్యాన్ ఆగినా నా దగ్గరికే వచ్చేవారు. ఫ్యాక్టరీలో మాత్రం ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవరు. ఫిట్టరూ అంటారు, అంతే.

మేం చేసేది అల్మారా తలుపులకి పెట్టే మడతబందులు. వాటిని కొనేది ఆ దేశంవాళ్ళే. వాటిని కొట్టే నాలుగు ప్రెస్సులూ ఆ దేశంలో వాడి వదిలేసినవే. అంటే వాళ్ళు వద్దనుకున్న మిషన్ల మీద వాళ్ళకి కావలసిన సరుకు చేసి పంపుతున్నాం. ఇందులో తప్పేమీ లేదు. పాత నాగలి అయినంత మాత్రాన భూమి దున్నకుండా పోదు.

మూడేళ్ళ కిందట ఆ మిషన్లు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఒక్కోదానికి ముందువైపు రెండు ఆకుపచ్చ బటన్లు, కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి. రేకు ముక్కని కింద అచ్చులా ఉండే డై మీద పెట్టాలి. తరవాత రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కాలి. అప్పుడే పైనున్న ఉక్కు దిమ్మ దిగుతుంది. ఒక చెయ్యి తీస్తే దిగదు. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు దిమ్మ కింద చెయ్యి ఉండే ప్రసక్తే లేదు. కిటుకంతా అదే. ఆ మిషను మీద వేలు తెగాలంటే మనిషికి మూడో చెయ్యి ఉండాలి.

ఆ బటన్లు రెండూ సమానంగా అరిగి ఉన్నాయి. అరచెయ్యి ఆనే చోట చిన్న గిన్నెలా గుంట పడింది. అక్కడెవరో ఏళ్ళ తరబడి రెండు చేతులూ ఆనించి పని చేశారన్నమాట. మిషను కాళ్ళ దగ్గర ఇనపపట్టీకి నాలుగు బెజ్జాలున్నాయి. అవెందుకో నాకు అర్థం కాలేదు.

వారం తిరక్కుండా చిన్నసారు పిలిచాడు. "ఫిట్టరూ, ఆ ఎడమ బటన్ దండగ. రెండు చేతులూ దానికే సరిపోతే ముక్క ఎవరు పెడతారు? వైరు పెట్టెయ్."

పెట్టేశాను. ఎడమ బటన్ వెనక, తాళం వేసి ఉండే కరెంటు ప్యానెల్లో రెండు మరలుంటాయి. చిటికెన వేలంత వైరు ముక్కతో ఆ రెంటినీ కలిపితే చాలు, ఆ బటన్ ఎప్పుడూ నొక్కే ఉందని మిషను నమ్మేస్తుంది. ఇక కుడి చెయ్యి బటన్ కొడుతుంటే ఎడమ చెయ్యి ముక్క పెట్టి తీస్తూ ఉంటుంది. ఒక్కో మిషనుకి ఐదు నిమిషాలు. నాలుగింటికి ఇరవై. మధ్యలో టీ కూడా తాగాను.

ఆ నెలే టార్గెట్ షిఫ్టుకి మూడు వేల ఆరు వందల ముక్కలైంది. అది అందుకోలేనివాళ్ళకి జీతంలో కోత.

మూడో నంబరు ప్రెస్సు మీద ఒకావిడ ఉండేది. మిషన్ల మోతలో కూడా వినపడేట్టు పాడేది. అందరూ పాటలమ్మ అనేవారు. ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం ముక్క వంకరగా పడితే ఎడమ చేత్తో సర్దబోయింది. కుడి చెయ్యి అలవాటుగా బటన్ మీద పడింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ పోయాయి. నేను స్విచ్చి కట్టేసే లోపలే అంతా అయిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమెని ప్యాకింగులో అట్టపెట్టెలు మడిచే పనిలో వేశారు. పాట మానేసింది. "అజాగ్రత్త," అన్నాడు చిన్నసారు. "అక్కడివాళ్ళయితే కళ్ళు పని మీదే పెడతారు."

నేను నోరెత్తలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ వైరు పెట్టిన చెయ్యి నాదే కదా.

ఖాళీ అయిన ఆ మూడో నంబరు మీదికి మా వదిన వచ్చింది. మా అన్న బస్తాలు మోసీ మోసీ నడుం పడిపోయి ఇంట్లో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. "నీ మాట మీద ఏదైనా పని ఇప్పించు మరిదీ," అని అడిగితే ప్యాకింగులో అడిగాను. చిన్నసారు ప్రెస్సు మీద వేశాడు. ఆ రోజు నుంచి మూడో నంబరు శబ్దం ఒక్క క్షణం తడబడితే చేతిలో పని వదిలి అటు పరిగెత్తేవాణ్ణి. రెండు సార్లు చాటుగా ఆ వైరు తీసేశాను. రెండు సార్లూ వదినే వచ్చి పెట్టించింది.

"నీకేం మరిదీ, చెప్తావు. వైరు లేకపోతే రెండు వేలు దాటవు. కోత పడితే ఇంట్లో పొయ్యి నువ్వొచ్చి వెలిగిస్తావా?"

"చెయ్యి పోతే?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా చెయ్యి నేను చూసుకుంటా. పెట్టు."

పెట్టాను. అలా ఆమె చేతికి నేనే ఉరి తగిలించి, రోజూ ఆ ముడి బిగుసుకోలేదు కదా అని చూసుకుంటూ తిరిగాను.

కిందటి నెల ఒక ఉత్తరం వచ్చింది. సరుకు కొనే కంపెనీ నుంచి ఒక మనిషి వస్తున్నాడట. వాళ్ళ దేశంలో పనివాళ్ళకి ఉన్న సౌకర్యాలూ భద్రతా ఇక్కడా ఉన్నాయో లేదో పోల్చి చూసి రాసుకుపోతాడట. చిన్నసారు కాళ్ళు నేల మీద నిలవలేదు. గోడలకి సున్నం, మరుగుదొడ్డికి కొత్త తలుపు, తాగేనీళ్ళ డ్రమ్ముకి మూత. నన్ను పక్కకి పిలిచాడు.

"వైర్లు తీసెయ్. బటన్లకి రంగెయ్యి. కుడిది అరిగింది, ఎడమది తుప్పు పట్టింది. చూడగానే దొరికిపోతాం. ఆయన వెళ్ళిన సాయంత్రమే మళ్ళీ పెట్టెయ్."

"ఉంచేద్దాం సార్. మూడో నంబరు మీద ఇప్పటికే ఒకావిడ..."

"ఆ పాటలావిడని ఆ రోజు స్టోరు గదిలో కూర్చోబెట్టు. బయటికి రావద్దని చెప్పు."

ఆయన వచ్చే ముందు రోజు షిఫ్టు అయ్యాక వైర్లు తీసి జేబులో వేసుకున్నాను. రంగు కూడా ఆ సాయంత్రం దాకా అందలేదు. అది వేసే సరికి చెమ్మ గాలి. ఆరలేదు.

ఆయన ఉదయం పదింటికి వచ్చాడు. రంగు చెరుగుతుందని అప్పటిదాకా మిషన్లు నడపనివ్వలేదు చిన్నసారు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గేటు దగ్గరే సంచీలోంచి పసుపు బూట్లు తీసి తొడుక్కున్నాడు. ముందువైపు లోపల ఉక్కు రేకున్న బూట్లు. చెవుల్లో ఏవో దూదిబిళ్ళలు పెట్టుకున్నాడు. ఆడవాళ్ళంతా ఆయన కాళ్ళ వైపూ, రబ్బరు చెప్పులున్న తమ కాళ్ళ వైపూ చూసుకున్నారు. అప్పటికప్పుడు ఆయన పేరు పసుపు బూట్లాయన అయిపోయింది. పక్కన ఒక దుబాసీ అమ్మాయి. ఆయన మాట మాకూ, మా మాట ఆయనకీ చెబుతుంది.

అన్నీ చూసుకుంటూ మూడో నంబరు దగ్గర ఆగాడు. బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చున్న వదినకి నమస్కారం పెట్టి, పని చేసి చూపించమన్నాడు.

వదిన ఎడమ చేత్తో ముక్క పెట్టింది. కుడి చేత్తో బటన్ కొట్టింది. దిమ్మ దిగలేదు. మళ్ళీ కొట్టింది. దిగలేదు. పక్కకి వంగి మిషనుని అరచేత్తో ఒక్కటి చరిచి, "మొరాయించింది! ఫిట్టరూ, ఇటు రా!" అని కేకేసింది.

పొద్దున్నే చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ఇవాళ రెండు బటన్లూ నొక్కాలని. ఎనిమిది నెలలు, రోజుకి మూడు వేల ఆరు వందల సార్లు ఒంటి చేత్తో కొట్టిన మనిషికి పొద్దున చెప్పిన మాట ఎక్కడ గుర్తుంటుంది?

"కొత్తగా చేరింది, కంగారు పడుతోంది," అన్నాడు చిన్నసారు నవ్వుతూ.

"రెండూ, వదినా, రెండూ," అన్నాను నేను.

"ఓ... రెండా," అని వదిన రెండు చేతులూ ఆనించింది. దిమ్మ దిగి లేచింది. చేతులు తీసి చూసుకుంటే రెండు అరచేతులూ పచ్చగా ఉన్నాయి. పక్క మిషనామె కిసుక్కున నవ్వింది. పసుపు బూట్లాయన నవ్వలేదు. వదిన చేతులు చూశాడు, బటన్లు చూశాడు, కరెంటు ప్యానెలు తెరవమన్నాడు.

నా దగ్గరున్న తాళంచెవితో తెరిచాను. లోపలికి తల పెట్టి చాలాసేపు చూశాడు. ఎడమ బటన్ మరలు రెండూ మిగతా మరల్లా మాసిపోలేదు. పదే పదే విప్పి బిగించడం వల్ల తళతళలాడుతున్నాయి. ఆ పనిలో ఉన్నవాడెవడికైనా అది చాలు. తలెత్తి నా వైపు చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలిసింది.

అడుగు, అనుకున్నాను. ఒక్కసారి అడుగు. జేబులోంచి తీసి నీ చేతిలో పెడతాను.

అడగలేదు. తలుపు లోపలివైపు అంటించి ఉన్న ఒక అట్ట మీద పడింది ఆయన చూపు. నూనె మరకలతో, ఆ దేశం రాతలతో, అంకెలతో నిండిన అట్ట. మూడేళ్ళుగా నేను చూస్తున్నదే. ఏదో మీటరు రీడింగు అనుకునేవాణ్ణి. ఆయన ముఖం విప్పారింది. మా ఊరి మనిషి బస్సులో కనపడితే నా ముఖం కూడా అలాగే అవుతుంది. దుబాసీ అమ్మాయితో ఏదో చెప్పాడు.

"ఇది ఈ మిషను మీద పనిచేసిన ఆవిడ రాసుకున్నదట. ఏ రోజు ఎన్ని ముక్కలు చేసిందో," అంది ఆ అమ్మాయి. "పందొమ్మిది వందలు. పద్దెనిమిది వందల డెబ్భై. పందొమ్మిది వందల పది."

వదిన లేచి నిలబడింది. "పూటకా?"

ఆ అమ్మాయి కనుక్కుని చెప్పింది. "కాదు. రోజుకి. షిఫ్టు మొత్తానికి."

ఒకటో నంబరు ఆగింది. రెండో నంబరు ఆగింది. నాలుగోది కూడా ఆగింది.

"ఇంకేం రాసుంది తల్లీ?" అంది వదిన.

"ఇదిగో, ఒక రోజు తొమ్మిది వందలే. పక్కన రాసుకుంది... తలనొప్పి, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళిపోయాను అని. ఇక్కడ, కొత్త కుర్చీ బిగించారు, నడుముకి హాయిగా ఉంది అని."

పసుపు బూట్లాయన కిందికి వంగి ఆ నాలుగు బెజ్జాలూ వేలితో చూపించాడు. కుర్చీ బిగించేది అక్కడట. వదిన ఆ బెజ్జాల వైపు చూసింది. తన రంగు డబ్బా వైపు చూసింది. తరవాత చిన్నసారు వైపు చూసింది. ఆ చూపు నా మీద పడి ఉంటే నేను అక్కడే బూడిదయ్యేవాణ్ణి.

"అవి పాత రోజులు. ఇప్పుడు అక్కడ చాలా స్పీడు," అన్నాడు చిన్నసారు.

"మిషను ఇదే కదా సార్," అంది వదిన, మెల్లిగా.

పసుపు బూట్లాయన ఆ అట్టకి ఫోటో తీసుకుని, ఫారం మీద టిక్కులు పెట్టుకుంటూ ముందుకి కదిలాడు. సాయంత్రం కారెక్కబోతున్న దుబాసీ అమ్మాయిని నేను పట్టుకున్నాను.

"మూడో నంబరు గురించి ఏం రాశారమ్మా?"

ఆమె నేల చూపులు చూసింది. "పనివాళ్ళకి శిక్షణ అవసరం అని రాశారండీ."

"వైరు సంగతి?"

"అదేం లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నసారు దొంగ. దొంగని దొంగ అనుకుంటే ఒక మాటతో తీరిపోతుంది. ఇతను ఉక్కు బూట్లు వేసుకుని వచ్చి, చెవులు కాపాడుకుని, చూడాల్సింది చూసి, కళ్ళు మూసుకుని పోయాడు. ఆ కంపెనీకి మడతబందులు కావాలి, చవగ్గా కావాలి. రెండో బటన్ పెడితే ఆ చవక ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడామెకి తలనొప్పి వస్తే ఇంటికి పోగలిగింది. ఇక్కడామెకి వేళ్ళు పోతే స్టోరు గదిలో దాక్కోవాలి. రోడ్డుకి మట్టి అంటకపోవడం గొప్పేమీ కాదు. అక్కడ మనిషి చేతికి రెండు బటన్లు, ఇక్కడ ఒకటి. తేడా అంతా అదే.

"రేపు ఏడింటికి షిఫ్టు మొదలయ్యే లోపల వైర్లు పడాలి," అన్నాడు చిన్నసారు వెళ్తూ వెళ్తూ.

మర్నాడు ఆరున్నరకే వచ్చాను. జేబులో నాలుగు వైర్లు. ప్యాకింగు గదిలో పాటలమ్మ అప్పటికే అట్టలు ముందేసుకుని కూర్చుంది. ఎడమ చేతి మూడు వేళ్ళతో అట్ట పట్టుకుని కుడి చేత్తో మడుస్తోంది. ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్న మాట బయటికొచ్చింది.

"అక్కా, మూడో నంబరుకి వైరు పెట్టింది నేనే."

ఆమె మడవడం ఆపలేదు. "తెలుసు. నువ్వు కాకపోతే ఎవరు పెడతారు, పిల్లి వచ్చి పెడుతుందా?"

"తెలిసి ఒక్క మాట కూడా అనలేదేం?"

"అంటే వేళ్ళు మొలుస్తాయా? నువ్వు చెప్తావేమోనని చూశా. ఎనిమిది నెలలు పట్టింది." అప్పుడు తలెత్తింది. "ఇవాళ కూడా పెడతావా?"

ప్యానెళ్ళ తాళంచెవి తీశాను. నాలుగింటికీ అదొక్కటే. ఆమె ముందున్న అట్ట మీద పెట్టాను. ఆమె దాన్నీ నన్నూ చూసింది. ఎడమ చేత్తోనే తీసుకుంది.

ఏడింటికి మిషన్లు మొదలయ్యాయి. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. వదిన వస్తుంది, వైరు పెట్టమని పోరుతుంది, ఏం చెప్పాలి అని ఆలోచిస్తున్నాను. వదిన నా వైపు చూడనే లేదు. ముక్క పెట్టింది. రెండు చేతులూ ఎత్తి రెండు బటన్ల మీదా ఆనించింది. దిమ్మ దిగింది. ముక్క తీసింది. ఇంకోటి పెట్టింది. ఒకటీ రెండూ నాలుగూ కూడా అదే వరస. నాలుగు మిషన్లూ తాపీగా, ముసలివాళ్ళు మెట్లెక్కినట్టు కొడుతున్నాయి. మూడేళ్ళలో మొదటిసారి పక్కవాళ్ళ మాట వినపడింది.

తొమ్మిదింటికి చిన్నసారు వచ్చాడు. శబ్దంలోనే తెలిసిపోయింది ఆయనకి.

"ఏమిటిది? పని చేస్తున్నారా, జోల పాడుతున్నారా?"

వదిన చేతులు బటన్ల మీద నుంచి తియ్యకుండానే చెప్పింది. "అక్కడి లెక్క సార్. రోజుకి పందొమ్మిది వందలు. మూడేళ్ళ నుంచి మీరే చెబుతున్నారుగా, అక్కడివాళ్ళలా పని చెయ్యమని."

"కోత వేస్తాను. అందరికీ వేస్తాను."

"వెయ్యండి. తలనొప్పి వస్తే మధ్యాహ్నం ఇంటికి కూడా పోతాం," అంది ఒకటో నంబరామె.

"కుర్చీ ఎప్పుడొస్తుంది సార్?" అంది నాలుగో నంబరామె.

చిన్నసారు ముఖం కందగడ్డయింది. నా వైపు తిరిగాడు. "ఫిట్టరూ! నీకేం చెప్పాను? తెరువు ప్యానెలు. నా కళ్ళ ముందు పెట్టు వైరు."

జేబులోంచి వైర్లు తీసి చూపించాను. "వైర్లున్నాయి సార్. తాళంచెవి లేదు."

"ఎక్కడ పారేశావ్?"

"పారెయ్యలేదు. ప్యాకింగులో పాటలమ్మ దగ్గరుంది. మీరే అడిగి తీసుకోండి."

ఆమె అప్పటికే ప్యాకింగు గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరు పిలిచారో తెలియదు. నడిచి వచ్చి మూడో నంబరు పక్కన ఆగింది. ఎడమ చెయ్యి ముందుకి చాచింది. ఉన్న మూడు వేళ్ళూ గుప్పిట మూసి ఉన్నాయి. వేళ్ళు లేని పక్క నుంచి తాళంచెవి కొన కనపడుతోంది.

"తీసుకోండి సార్," అంది.

తియ్యాలంటే ఆ చెయ్యి పట్టుకోవాలి. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా చిన్నసారు ఆ చెయ్యి వైపు చూడలేదు. ఇప్పుడు చూశాడు. తీసుకోబోయిన ఆయన చెయ్యి సగం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

పాటలమ్మ చెయ్యి దించలేదు. వదిన ఇంకో ముక్క పెట్టి, రెండు చేతులూ ఆనించింది.